చిలుక రుచి చూసిన మిరపకాయ

ఆ రోజు పొద్దున నాగులమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. కోసి తెచ్చిన మిరపపళ్లను మిద్దె మీద ఆరబోసి, నీడన కూర్చొని తీరిగ్గా ఒక ఆకు వేసుకోవడం. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి నాలుగు నెలలైంది. ఇబ్రహీంపట్నం చెరువు కట్ట కింద మిలిటరీ గుడారాలు ఇంకా అలాగే ఉన్నాయి. అయినా మిరపపళ్లు మిలిటరీ వచ్చిందని పండకుండా ఆగవు కదా.

పళ్లు పరిచి ఆమె నడుము ఎత్తేసరికి మల్లేశయ్య పటేలు ధోవతి పైకెత్తి పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు.

"నాగులూ! దించు, ముందుగాల గా మిరపకాయలు దించు!"

"ఏమైంది పటేలా? వానొస్తదా?"

"వాన గాదు, మిలిటరోళ్లు! ఎర్రజెండ సంఘపోళ్ల కోసం ఊరూరు దేవులాడుతున్రు. మహేశ్వరంల ఎవనికో ఎర్ర రుమాలున్నదని పట్కపోయిన్రట. నీ మిద్దె జూడు, ఊరంత జెండ పరిచినట్టున్నది!"

నాగులమ్మ కింద ఉన్న పటేలును చూసింది, మిద్దెను చూసింది. నిజమే అనిపించింది. రెండు గంపల మిరపపళ్లు గాదెలోకి పోయాయి. గంట తిరిగేసరికి ఊళ్లో ఒక్క మిద్దె మీద కూడా ఎరుపు లేదు. ఎర్ర చీరలు బియ్యం కుండల్లో దూరాయి. పక్కింటి మరియ, కోడిపుంజు జుట్టు ఎర్రగా ఉందని దాని మీద గంప బోర్లించింది. అది లోపలి నుంచి ఇంకా గట్టిగా కూయడం మొదలుపెట్టింది.

అంతా దాచారు గానీ, తెల్లవారకముందే చేనికి పోయిన నాగులమ్మ కొడుకు సైదులుకు ఎవరూ చెప్పలేదు. అతడు నెత్తికి ఎర్ర రుమాలు చుట్టుకొని, పాట పాడుకుంటూ, సరిగ్గా ఇద్దరు జవాన్లకు ఎదురొచ్చాడు. జవాన్లు ఖాళీ మిద్దెలను చూశారు, అతణ్ని చూశారు, ఏదో అడిగారు. తర్వాత భుజం మీద చెయ్యి వేసి గుడారాల వైపు తీసుకుపోయారు. తలుపుల సందుల్లోంచి ఊరంతా చూసింది.

"అయ్యో నా కొడకా! మాఘంల లగ్గం పెట్టుకుంటి గదరా!" అని నాగులమ్మ కూలబడింది.

"ఏడ్వకే. గా మిలిటరోళ్ల పెద్ద, సుబేదారుకు మంచిగ అన్నం బెట్టి అడుగుదం. కడుపు నిండినోడు కాదనడు," అన్నాడు పటేలు. "కోడికూర వండు. గని ఎర్రగ ఉండొద్దు. మిరపపొడి ఎయ్యకు."

"మిరపకాయ లేని కూర దవాఖానల పెట్టే కూడు గాదా?"

అప్పుడు మరియ ముందుకొచ్చింది. కోడిపుంజును ఇవ్వడానికి ఆమె అప్పటికే ఒప్పుకున్నది. దాని కూతతో తల పగిలిపోతోంది మరి.

"మా పెరట్ల పసుపు రంగు మిరపచెట్టున్నది గదక్కా. పోయినేడు నాదర్‌గుల్ నుంచి తెచ్చిన నారుల మొలిచింది."

"కారముంటదా?"

"ఏం కారం? ఎరుపే లేకపాయె, కారమేడికెళ్లొస్తది? రోజు పొద్దుగాల చిలుకొచ్చి బెల్లం ముక్కలెక్క తింటది. కండ్ల నీళ్లు గూడ పెట్టదు."

చిలుక సాక్ష్యానికి ఎదురు చెప్పేవాళ్లు లేరు. వేలి గోరంత కాయలు, బంగారు పూసల్లా ఉన్నాయి. చప్పటి కాయలు కదా అని నాగులమ్మ ఇరవైకి బదులు నలభై నూరింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. కొడుకు కోసం అప్పటికే ఏడుస్తున్నందున ఆమెకు తేడా తెలియలేదు. తాలింపులో వేయగానే మరియ పదిహేనుసార్లు తుమ్మింది. ఆమెకు మూడు రోజుల నుంచి పడిశం. రుచి చూద్దామంటే, పెద్దమనిషికి పెట్టే కూర ఎంగిలి చేయకూడదు. కూర మాత్రం పసుపు కొమ్ములా మెరిసింది.

గుడారం ముందు సుబేదారు కూర రంగు చూసి పెదవి విరిచాడు. అయినా మర్యాద తెలిసిన మనిషి, పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

నమిలాడు. ఆగాడు. ఊరంతా కలిసి పొద్దుటి నుంచి దాచిన ఎరుపు మొత్తం ఆయన ముఖంలోకి వచ్చింది. కళ్లలోంచి నీళ్లు జలజల రాలాయి.

"జూసినవా పటేలా! నా కొడుకు కోసం ఎట్లేడుస్తున్నడో! దేవుడసొంటోడు!" అని నాగులమ్మ రెండు చేతులూ జోడించింది.

సుబేదారు మాట రాక చెయ్యి పైకెత్తి ఊపాడు.

"గదిగో, ఇడిసిపెడుతున్ననంటున్నడు!" అన్నాడు పటేలు.

నీళ్లు తెమ్మని ఆయన ఊపిన చెయ్యి అది. ఒక జవాను విషం పెట్టారని అరిచి నాగులమ్మకు అడ్డం నిలబడ్డాడు. ఇంకొకడు తుపాకీ తీశాడు.

"విషమెందుకైతది సాబ్! గిది చిలుక తినే కాయ. జూడుండ్రి," అంటూ పటేలు ఒక గరిటెడు కూర తీసి గుటుక్కున మింగాడు.

ముందు ఒంటికాలి మీద గెంతాడు. ఆ తర్వాత చెరువు వైపు పరుగు తీశాడు. దబ్బుమన్న చప్పుడు గుడారాల దాకా వినిపించింది. ఊరి పెద్దే అలా అయ్యాక ఇది విషం కాదని, ఉత్త కారమేనని జవాన్లకు నమ్మకం కలిగింది.

అప్పుడు వంటల గుడారంలోంచి సైదులు పెరుగు గిన్నెతో పరుగెత్తుకొచ్చాడు. నెత్తిన ఎర్ర రుమాలు అట్లాగే ఉంది. మూతికి నెయ్యి అంటుకొని ఉంది.

"అమ్మా! నువ్వెందుకొచ్చినవ్?"

"నిన్ను పట్కపోయిన్రు గదరా!"

"ఎవలు పట్కపోయిన్రే? మిద్దెల మీద మిరపకాయలు జూసి కొననీకొచ్చిన్రు. వచ్చేటాళ్లకు ఒక్కటి లేకపాయె. నీకేమన్న వంటొస్తదా అంటే వస్తదన్న. పొద్దటిసంది రెండుసార్లు తిన్న."

"మిరపకాయలెందుకురా వీళ్లకు?"

"కూర ఎర్రగుండాలెనట, గని కారముండొద్దట. మన దొడ్డు మిరపకాయ గసొంటిదే గదనే. రంగు బారెడు, కారం బెత్తెడు. ఇంతకు గీ పసుపు కూరల ఏమేసినవే?"

నాగులమ్మ మరియ పేరు చెప్పలేదు. చిలుక పేరు చెప్పింది.

పెరుగు గిన్నె ఖాళీ చేశాక సుబేదారుకు గొంతు వచ్చింది. ఆయన రెండు హుకుంలు ఇచ్చాడు. తెల్లారేసరికి ఊళ్లోని ఎర్ర మిరపపళ్లన్నీ మళ్లీ మిద్దెలెక్కాలి, మిలిటరీ కొంటుంది. ఇక ఆ పసుపు చెట్టు దగ్గరికి ఎవరూ పోకుండా ఒక జవాను కాపలా ఉండాలి. మొదటి హుకుం పటేలే ఇంటింటికీ తిరిగి చెప్పాడు. పెదవులు బూరెల్లా వాచి మాట రానందున, వేలితో మిద్దె చూపించి ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున చిలుక మామూలుగా వచ్చి, కాపలా జవాను కళ్ల ముందే మూడు కాయలు తిన్నది. అతడు తుపాకీ భుజానికి ఆనించి, దానికి సలాం చేశాడు.