వెనక కాళ్ళకు పాయింట్లుండవు

ఒక దేశం పూర్తిగా అభివృద్ధి చెందిందో లేదో తెలుసుకోవడానికి రోడ్లూ ఆసుపత్రులూ చూడక్కర్లేదు. అక్కడ లేనిదానికి కూడా పర్మిట్ దొరుకుతుందా అని చూస్తే చాలు. ఆ లెక్కన కెనడా ఎప్పుడో అభివృద్ధి చెందిపోయింది. గ్వెల్ఫ్ ఊరి చివర, పరుపుల గోడౌనుకీ టైర్లు మార్చే షాపుకీ మధ్య, చట్టబద్ధమైన ఎడారి ఒకటి ఉంది.

దాని పేరు మేపుల్ డ్యూన్స్ ఈవెనింగ్ డెజర్ట్ సఫారీ. పైన రేకుల కప్పు, కింద పిల్లల పార్కుల్లో పోసే ఇసుక, గోడలకు హీటర్లు. యజమాని క్రిస్టఫర్ గారిది కాకినాడ. ఆయన వచ్చి పాతికేళ్ళయింది కనుక మనవాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడతారు, కోపం వస్తే మాత్రం కాకినాడ వెళ్ళిపోతారు. విజిటింగ్ కార్డు మీద ఆయన హోదా చీఫ్ డెజర్ట్ ఆఫీసర్.

సాయంకాలపు సఫారీకి వచ్చేవారు ఏమేం ఆశించవచ్చో కంపెనీ వెబ్‌సైటులో వివరంగా ఉంది. ఏమేం ఆశించకూడదో దాని కింద ఇంకా వివరంగా ఉంది. ముందుగా మంచు బూట్లు గుమ్మం దగ్గర విప్పి, పాదాలకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి. (ఎడారి పాడవుతుంది.) "ఈ ఆవరణలో ఇసుక ఉండవచ్చు" అన్న బోర్డు చదివినట్టూ, ఎండమావి కనిపిస్తే తాగే ప్రయత్నం చేయబోమనీ సంతకం పెట్టాలి. తర్వాత ఇసుక దిబ్బల మీద జీపు షికారు. జీపు కదలదు, ఇన్సూరెన్సు ఒప్పుకోదు. పార్ట్‌టైమ్ విద్యార్థులు నలుగురు నాలుగు మూలలా పట్టుకుని ఊపుతారు. అయినా దానికి వింటర్ టైర్లు వేయించారు. ఇసుక మీద మంచు గడ్డకడితే జనం జారిపడతారని భద్రతాధికారి వారానికోసారి ఎడారికి ఉప్పు చల్లిస్తాడు. సూర్యాస్తమయం ప్రతి బ్యాచ్‌కీ ఒకటి చొప్పున ఉంటుంది. సూర్యుణ్ణి దించేది భవిత అనే అమ్మాయి. ఆమె బ్రేకుకు వెళ్తే సూర్యుడు సగంలో ఆగి, ఆమె శాండ్‌విచ్ తినేదాకా వేచి ఉంటాడు. ఆఖర్న అరేబియన్ విందు, అంటే సమోసాలు. మన కుటుంబాలైతే ఎందుకైనా మంచిదని హ్యాండ్‌బ్యాగుల్లో ఆవకాయా పెరుగన్నమూ తెచ్చుకుంటాయి.

ఇక ఒంటె. అసలు ఒంటెను తెస్తే దానికి పార్కింగ్ స్థలం చూపించాలన్నారు. అందుకని గుడ్డ ఒంటెను కుట్టించారు. లోపల ముందు కాళ్ళుగా ఒకరు, వెనక కాళ్ళుగా ఒకరు నడుస్తారు. ఎక్కడం నిషిద్ధం. ఒంటె సవారీ అంటే తాడు పట్టుకుని ఒంటె పక్కన నడవడం అని టికెట్టు వెనక నిర్వచనం ఉంది.

ఆ వెనక కాళ్ళు గోపీకృష్ణవి.

గోపీకృష్ణది జగిత్యాల. దుబాయ్‌లో చాలా ఏళ్ళు అసలైన ఎడారిలో అసలైన సఫారీ జీపు నడిపాడు. తర్వాత కెనడా వచ్చి హాస్పిటాలిటీ డిప్లొమా చేశాడు. ఇంటర్వ్యూలో క్రిస్టఫర్ గారు అతని రెజ్యూమెను రెండుసార్లు చదివారు.

"దుబాయ్, గుడ్, వెరీ గుడ్. బట్ కెనడియన్ డెజర్ట్ ఎక్స్‌పీరియన్స్ ఏమైనా ఉందా?"

"లేద్సార్," అన్నాడు గోపీకృష్ణ నిజాయితీగా.

ఆ ప్రశ్న అతనికి అన్యాయంగా కూడా తోచలేదు. అంత పెద్ద దేశంవాళ్ళు ఊరికే అడగరు కదా అనుకున్నాడు. పైగా అక్కడి ఇసుక వేడిగా ఉండేది, ఇక్కడి పద్ధతి వేరు. మొదట్నుంచి నేర్చుకుందామని బుద్ధిగా ఒంటె వెనక్కి దూరాడు. దూరి, తల వంచి, ముందున్న మనిషి నడుం బెల్టు పట్టుకున్న తర్వాత గానీ అతనికి అసలు సంగతి తెలియలేదు.

సంగతేమిటంటే, ఎడారి వృత్తుల ధ్రువీకరణ మండలి అని ఒకటుంది. ఆ మండలి లెక్కలో ఒంటె ముందు కాళ్ళు స్కిల్డ్ జాబ్. ముందున్నవాడికి దారి కనిపిస్తుంది, ఎటు వెళ్ళాలో నిర్ణయిస్తాడు, కనుక సూపర్‌వైజరు. వెనక కాళ్ళు ఆ నిర్ణయాన్ని అనుసరిస్తాయి, కనుక అన్‌స్కిల్డ్. పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతికి, పాయింట్లుండవు. (తోక ఊపడం అదనపు బాధ్యత. దానికీ ఉండవు.)

గోపీకృష్ణ వర్క్ పర్మిట్ వచ్చే వేసవితో ఆఖరు. ఈలోగా స్కిల్డ్ అనుభవం ఉన్నట్టు లెటర్ రాకపోతే సామాను సర్దుకోవలసిందే. భార్య మీనాక్షి మాత్రం సర్దేది లేదని చెప్పేసింది. ఆమె ఇక్కడి డ్రైవింగ్ టెస్టు ఎన్నోసారికో పాసయింది. "మంచుల పారలల్ పార్కింగ్ నేర్సుకున్న. గిది తీస్కపోయి జగిత్యాల్ల ఏం జేస్కోవాలె?" అని అడిగింది.

ముందు కాళ్ళు జనార్ధనరావు గారివి. ఆయన రాజమండ్రి పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజినీరింగ్ హెడ్డుగా చేశారు. ఆయన చెప్పిన పాఠాలు విన్నవాళ్ళు కట్టిన వంతెనల మీద ఇవాళ్టికీ లారీలు పోతున్నాయి. పీఆర్ తీసుకునే వచ్చారు గానీ, కెనడియన్ అనుభవం లేదని ఇక్కడ ఇంజినీరు లైసెన్సు ఇవ్వలేదు. అనుభవం కోసం ఒంటె ముందు భాగంలో ప్రవేశించారు.

మొదటి రోజే చిక్కొచ్చిపడింది. ఒంటెలో చోటు తక్కువ. వెనకవాడి కాలు ముందువాడి మడమకు తగలక తప్పదు. పెద్దవాళ్ళకు కాలు తగిలితే చేత్తో తాకి కళ్ళకద్దుకోవడం గోపీకృష్ణ ఒంట్లో ఉన్న అలవాటు, అతనడక్కుండానే జరిగిపోతుంది. కాలు తగలగానే బెల్టు వదిలి, కిందికి వంగి, సార్ పిక్కను తాకి కళ్ళకద్దుకునేవాడు. బయటినుంచి చూసేవాళ్ళకు, నాలుగడుగులకోసారి ఒంటె వెనక భాగం కుప్పకూలి లేస్తున్నట్టుండేది.

"ఏంటయ్యా, గోతిలో గానీ పడ్డావా?"

"లే సార్, మీకు కాలు తగిలింది."

"తగిలితే తగిలింది, నడూ."

"గట్లెట్ల సార్! పెద్దోళ్ళు మీరు."

ఒంటెకు ఒంట్లో బాగాలేదనీ, దాన్ని హింసిస్తున్నారనీ ఎవరో ఫిర్యాదు చేశారు. జంతు సంక్షేమం తరఫున ఒకాయన వచ్చి, ఒంటె గుడ్డదని స్వయంగా పట్టుకుని చూసి, ఫిర్యాదు అందింది కనుక దానికి వారంలో ఒకరోజు సెలవివ్వాలని రాసి వెళ్ళాడు. క్రిస్టఫర్ గారు కాకినాడ వెళ్ళిపోయారు. "ఒరే బాబూ, ఆ ఒంగుళ్ళేంట్రా నాయనా! ఇంకోసారి ఒంగావంటే నీ లెటరూ లేదు, నా బొందా లేదు!"

గోపీకృష్ణ చాలా ప్రయత్నించాడు. చేతులు బెల్టుకు కట్టేసుకున్నాడు కూడా. అప్పుడు మోకాళ్ళు వంగాయి.

చివరికి ఒకరోజు రెండు బ్యాచ్‌ల మధ్య, ఒంటెలోంచి బయటికి రాకుండానే అడిగేశాడు.

"సార్, మీకు పీఆర్ ఉండనే ఉన్నది. ముందు కాళ్ళు నాకిస్తే నా ఫైలు నడుస్తది సార్."

ఒంటె మెడ కొంచెం కిందికి వాలింది.

"ఇంట్లో శాంతమ్మకి సూపర్‌వైజర్నని చెప్పాను గోపీ," అన్నారు జనార్ధనరావు గారు. "అబద్ధం కాదు కదా, కాగితం మీద అదే ఉంది. ఇప్పుడు వెనక్కొచ్చేస్తే ఆవిడతో ఏం చెప్పను? నాకు మిగిలింది ఆ ఒక్క ముక్కేనయ్యా."

గోపీకృష్ణకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. అప్పుడే కాలు తగలడంతో వంగి కళ్ళకద్దుకున్నాడు.

ఆ శనివారం తెలుగు ఆడవాళ్ళ బృందం ఒకటి పట్టుచీరల మీద చలికోట్లు వేసుకుని ఎడారికి వచ్చింది. అందులో శాంతమ్మ గారున్నారు.

"మా వారు ఇక్కడ సూపర్‌వైజరండీ," అని ఆవిడ పక్కావిడతో అంటున్న మాట గుడ్డ అవతలినుంచి స్పష్టంగా వినిపించింది. తర్వాత క్రిస్టఫర్ గారిని అడిగారు. "వారెక్కడున్నారు బాబూ?"

"సారు ఫీల్డ్‌లో ఉన్నారాంటీ. చాలా బిజీ," అన్నారు క్రిస్టఫర్ గారు, ఒంటె వైపు చూడకుండా.

ముందు కాళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి. వెనక కాళ్ళకా సంగతి తెలియదు కనుక నడిచాయి, సార్ మడమను గట్టిగానే తన్నాయి. ఆ తన్నుకు తగ్గట్టు గోపీకృష్ణ ఈసారి పూర్తిగా నేలకు వంగి మొక్కాడు. శాంతమ్మ గారి ఎదుట ఒంటె సాగిలపడింది.

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. "ఎంత మర్యాద తెలిసిన ఒంటో చూడండీ! మా అల్లుడు కూడా ఇంతలా వంగడు," అంది ఒకావిడ.

తర్వాత అందరూ ఎడారి మూలనున్న స్టాలులో గోరింటాకు పెట్టించుకోవడానికి వెళ్ళారు. శాంతమ్మ గారు వెళ్ళలేదు. ఒంటె మొహం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడిగారు మెల్లగా.

ఒంటె తల అడ్డంగా ఊగింది.

"వేసుకోరు. నాకు తెలుసు. ఇన్నేళ్ళు మీ వెనకాల నడిచినదాన్ని, ఆ నడక నాకు తెలీదూ? అన్నం డబ్బా కారులో వెనక సీటు మీద పెట్టాను. వెనకున్న అబ్బాయికీ సరిపోతుంది. చల్లారిపోకముందే తినండి." ఆవిడ వంకరపోయిన ఒంటె చెవిని సరిచేసి, గోరింటాకు వైపు వెళ్ళిపోయారు.

గోపీకృష్ణకు ఏడుపొచ్చింది. వెనక కాళ్ళు ఏడవవచ్చునని నిబంధనల్లో ఎక్కడా లేదు కనుక ఆపుకున్నాడు. షిఫ్టు అయ్యాక కారులో వంకాయ కూర కలుపుకుంటూ జనార్ధనరావు గారు చాలా తేలికపడ్డ గొంతుతో అన్నారు. "రేపట్నుంచి ముందు కాళ్ళు నీవి గోపీ. ఇంక నేనెవరి దగ్గర దాచాలి చెప్పు?"

ఇంటికెళ్ళి గోపీకృష్ణ ఈ మాట చెబితే మీనాక్షి ఆనందం పట్టలేక కారు తీసి బ్లాకు చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చింది.

ముందు కాళ్ళ ఉద్యోగం వైభవంగా మొదలైంది. ఒంటె మెడలో కుట్టిన వల కిటికీలోంచి దారి కనిపించేది, నిర్ణయాలు తీసుకునేవాడు. కుడికా ఎడమకా అని ఒక్కోసారి ఇంటి దగ్గర కూడా ఆలోచించేవాడు. అయితే ఆడవాళ్ళు తీసిన వీడియో ఈలోగా టొరంటో దాకా పాకింది. మొక్కే ఒంటెను చూడాలని జనం బస్సులు కట్టించుకుని రాసాగారు. ఏ వంగుడుకు లెటర్ ఆపేస్తానన్నారో అదే వంగుడుకు క్రిస్టఫర్ గారు ప్రోటోకాల్ రాయించారు. వెనక కాళ్ళు నాలుగడుగులకోసారి వినయంగా వంగాలి. జనార్ధనరావు గారు ఏ పని ఇచ్చినా శ్రద్ధగా చేసే మనిషి. బరువు ఎక్కడ పడాలి, మోకాలు ఎంత మడవాలి అని ఆలోచించి, చూసినవాళ్ళకు చేతులు జోడించాలనిపించేలా వంగేవారు. అంత పెద్దాయన వెనకాల వంగుతున్నాడని తెలిసి గోపీకృష్ణ ప్రతిసారీ వెనక్కి తిరిగి, "మీరు వంగుడేంది సార్" అనేవాడు. అందువల్ల ఒంటె మధ్యలో మెలి తిరిగేది. అది లోపమని క్రిస్టఫర్ గారు అతనికి మెమో ఇచ్చారు.

రద్దీ పెరిగింది కనుక ఒంటె ఎటు నడవాలో ఇకనుంచి తాడు పట్టుకున్న కస్టమరే నిర్ణయించాలని భద్రతాధికారి ఆదేశించాడు. అది జరిగిన వారానికి ధ్రువీకరణ మండలి నుంచి ఒకామె వచ్చి, ఒంటె చుట్టూ క్లిప్‌బోర్డుతో తిరిగి, నివేదిక రాసుకుపోయింది.

మండలి తీర్పు వచ్చింది. ముందు కాళ్ళు తాడు లాగినట్టు నడుస్తాయి, సొంత నిర్ణయమేదీ లేదు, కనుక అన్‌స్కిల్డ్. వెనక కాళ్ళకు సంప్రదాయ పరిజ్ఞానమూ, శరీరం మీద అదుపూ, ప్రజలను ప్రభావితం చేసే నేర్పూ అవసరం, కనుక స్కిల్డ్. కొత్త వర్గీకరణ తీర్పు తేదీ నుంచి అమలు. అంతకుముందు ఎవరైనా వెనక కాళ్ళుగా వంగి ఉంటే అది వ్యక్తిగత అలవాటుగా పరిగణించబడును.

జనార్ధనరావు గారికి క్రిస్టఫర్ గారు లెటర్ టైపు చేయించి ఇచ్చారు. ఆయన దాన్ని ఇంజినీరు లైసెన్సు అప్లికేషనుకు జత చేశారు. ఇన్నేళ్ళూ వంతెనలను చూసి పెదవి విరిచిన లైసెన్సు బోర్డు, ఒంటెను చూసి కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ గడిలో టిక్కు పెట్టింది. క్రిస్టఫర్ గారు ఊరుకోలేదు. ఆయన్ను వెనక కాళ్ళ విభాగానికి అధిపతిని చేసి, కార్డులు అచ్చు వేయించి, కొత్తవాళ్ళను తీసుకునే బాధ్యత కూడా అప్పగించారు. శాంతమ్మ గారు ఆ రోజు అందరికీ మిఠాయి పంచారు. గోపీకృష్ణకు రెండు పెట్టారు.

వేసవి దగ్గరపడుతోంది. గోపీకృష్ణ చాలా రోజులు తటపటాయించి, ఒక సాయంత్రం సూర్యుడు సగంలో ఆగి ఉన్నప్పుడు, ఒంటెలోనే వెనక్కి తిరిగాడు.

"సార్, మళ్ళా మారుదామా? మీ పనైతే అయిపోయింది గదా. నాకు కొన్ని నెల్లే ఉన్నయి సార్. మీనాక్షికి ఏం జెప్పాల్నో సమజైతలేదు."

జనార్ధనరావు గారు నిండు మనసుతో అతని భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వు నాకు పరాయివాడివా గోపీ? సొంత తమ్ముడి కంటే ఎక్కువ," అన్నారు. "ఓ పని చెయ్యి. రెజ్యూమె పంపు. పైకి ఫార్వర్డ్ చేస్తాను."