తొమ్మిదిన్నరకు అంతశ్చేతన

ఆ ఉదయం కోడలు ఏమీ ఆలోచించకూడదని గట్టిగా ఆలోచించి నిర్ణయించుకుంది. నోటుబుక్కులో టైము కూడా వేసుకుంది: తొమ్మిదిన్నర నుంచి తొమ్మిది నలభై దాకా, అంతశ్చేతన. ఆమె అచ్చుబొమ్మలు వేస్తుంది, ఆకారమూ అర్థమూ వెతుక్కోవలసిన రకం. ఎనిమిదేళ్లుగా వేస్తున్నా ఒక్కటీ ఏ ప్రదర్శనలోనూ గోడెక్కలేదు. ఈసారి గ్యాలరీ మేడమ్ పది బొమ్మలు పట్టుకెళ్లి, పదకొండింటికి వచ్చి మాట చెబుతానంది. ఈలోగా మనసు అడుగు నుంచి దానంతటదే పుట్టుకొచ్చిన బొమ్మ ఒక్కటి చూపించగలిగితే ఆ గోడ తనదేనని కోడలి ఆశ.

గాజుపలక మీద నల్లరంగు రోలరుతో పల్చగా పరిచి, దానిమీద పెద్ద తెల్లకాగితం కప్పింది. పైనుంచి ఎక్కడ ఒత్తితే అడుగున అక్కడ రంగు అంటుకుంటుంది. అంతే పని. ఒత్తే ముందు బుర్ర ఖాళీ చేసుకుందామని డాబా మీదకు వెళ్లింది. ఆలోచనలన్నీ అందులోంచే వస్తాయని ఫోను బల్లమీదే వదిలేసింది.

ఫోను మోగింది. అత్తగారు తీశారు. ఆవిడ ముప్ఫై ఏళ్లు హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. కాగితం మీద పెట్టనిదే ఆవిడకు ఏ మాటా విన్నట్టుండదు. బల్లమీది తెల్లకాగితం మెత్తగా ఉంది కదా అని దానిమీద తన కాగితం ఆన్చి, కార్బన్ల కింద మూడు కాపీలు పడేంత బలంగా రాశారు. ఆఖరి మాట కింద రెండు గీతలు కొట్టారు. ఇంతలో పాలు పొంగుతున్న చప్పుడైతే తన కాగితం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తారు.

తొమ్మిదిన్నరకు కోడలు దిగివచ్చి, కళ్లు మూసుకుని, అరచేత్తో, మోచేత్తో తోచినట్టు ఒత్తింది. కాగితం ఎత్తి చూసి నోరు తెరిచింది. బూడిదరంగు మబ్బుల మధ్య వరసలు వరసలుగా సున్నాలు, కొక్కేలు, మెలికలు. ఇదంతా నా లోపలే ఉందా అనుకుంది. భయం వేసింది, ముచ్చటా వేసింది. లోపల ఇంకా ఏమేం ఉన్నాయో చూడాలనిపించింది.

పదకొండింటికి మేడమ్ వచ్చింది, చంకలో పాత బొమ్మల కట్టతో, మొహంలో ఇబ్బందితో.

"విషయం తెలిసిందిగా?" అంది మెల్లగా.

"విషయమేమిటో నాకే అంతుబట్టడం లేదండీ. చేయి దానంతటదే కదిలింది," అంటూ కోడలు బొమ్మ ముందు పెట్టింది.

మేడమ్ కట్ట కింద పెట్టింది. కళ్లజోడు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. "ఎవరో ఏదో చెప్పాలని చెప్పలేక నలిగిపోయినట్టుంది. ఈ రెండు గీతలు చూడండి. చిన్నప్పుడు మిమ్మల్నెవరైనా వద్దన్నారా?"

కోడలు బుర్ర గోక్కుంది. "మా అక్క ఆటల్లో చేర్చుకునేది కాదు."

"అదే," అంది మేడమ్. అక్కడికక్కడే గ్యాలరీకి ఫోను కొట్టింది. "ఆ గోడ ఎవరికిచ్చామో ఆయన్ని వచ్చే ఏడాదికి జరపండి. ఇప్పుడే చెప్పేయండి."

కోడలికి ఎవర్ని జరిపారో అర్థం కాలేదు గానీ, గోడ దొరికిందని మాత్రం అర్థమైంది. అప్పుడే అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"అమ్మాయ్, పాల గొడవలో పడి మర్చిపోయాను, నీకో కబురుంది..." బొమ్మ చూసి ఆగారు. "ఇదేంటి, నా దస్తూరీ ఇక్కడుంది?"

"అత్తయ్యా, అది నా అంతశ్చేతన."

"కార్బన్ తిరగేసి పెడితే ఇలాగే పడుతుందమ్మా. ఇలాంటివి ఎన్ని చదివానో." ఆవిడ వేలుపెట్టి కుడి నుంచి ఎడమకు చదివారు. "'గ్యాలరీ మేడమ్ గారి ఫోను. బొమ్మలన్నీ ముందే లెక్కలేసుకుని గీసినట్టున్నవట. గోడ వేరొకరికి ఇవ్వడమైనది. పాతవి పదకొండింటికి తిరిగి ఇచ్చెదరు. ఏమీ అనుకోవద్దు.' మీరే కదండీ, ఆ చివరిది నొక్కి చెప్పింది?"

మేడమ్ మొహం ఎర్రబడింది. కోడలికి కళ్లు నిండాయి. ఎనిమిదేళ్లకు దొరికిన గోడ ఐదు నిమిషాలు కూడా నిలవలేదు.

"మాట మీది, రాత అత్తయ్యది. ఇందులో నాదేమీ లేదు. వద్దులెండి," అంది.

మేడమ్ బొమ్మను చాలాసేపు చూసింది. "చదివాక కూడా బాగానే ఉంది. అదెందుకో నాకు అర్థం కావడం లేదు. నేను ఆలోచించకుండా అన్నాను, ఆవిడ ఆలోచించకుండా రాశారు, మీరు ఆలోచించకుండా ఒత్తారు. ముగ్గురిలో ఒక్కరు ఆలోచించినా ఇది వచ్చేది కాదు. పైగా అవతలాయనకి చెప్పేశాం కూడా. సంతకం పెట్టండి."

కోడలు ఓ మూల సంతకం పెట్టింది. అత్తగారు పెన్ను అందుకుని, దాని కింద "అసలుతో సరిచూడడమైనది, ట్రూ కాపీ" అని రాసి తేదీ వేశారు.