మాస్టర్ పేజీలో మామగారు

ఆ ఉదయం పేజీలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ప్రెస్సులో ఎవరికీ తెలియకుండా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఉచిత ఆన్‌లైన్ పాఠం వినాలి. అది కాగానే పరుపుల కేటలాగు చివరిసారి తిరగేసుకోవాలి. మధ్యాహ్నం లోపల ప్రెస్సుకు ఫోన్ చేసి ఇక అచ్చేసుకోవచ్చని చెప్పాలి. అంతే. ఈ పథకంలో మామగారి ప్రస్తావన ఎక్కడా లేదు. తప్పంతా అక్కడే జరిగింది.

ప్రెస్సులో అందరూ ఆయన్ని పేజీలాయన అనే పిలుస్తారు. కరపత్రం నుంచి పాఠ్యపుస్తకం దాకా ఏదొచ్చినా పేజీలు కట్టేది ఆయనే. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఎవరో పక్కన నిలబడి ఒక అరపూట చూపించారు. ఆ అరపూట చదువుతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. ప్రతి పేజీ అడుగున అంకె తనే వేస్తాడు, ప్రతి పేజీ నెత్తిన గీత తనే గీస్తాడు. మధ్యలో ఒక పేజీ పెరిగిందా, అక్కణ్ణుంచి చివరిదాకా అంకెలన్నీ పీకేసి మళ్లీ వేస్తాడు, నడుం వంచి నాట్లు వేసినట్టు, ఒక్కొక్కటీ.

పోయిన వారం ప్రెస్సు పగ్గాలు పాత ఓనరు నుంచి ఆయన కూతురి చేతికి వచ్చాయి. కొత్త మేడమ్ వచ్చిన మొదటిరోజే పేజీలాయన కుర్చీ వెనక ఆగింది. "ఇవన్నీ మాస్టర్ పేజీలో పెట్టుకున్నారు కదండీ?" అని అడిగింది. ఆ మాట ఆయన పుట్టి బుద్ధెరిగాక విని ఉండలేదు. అయినా తల దానంతటది ఊగింది.

"అదే కదా మేడమ్ పద్ధతి" అన్నాడు.

"మంచిది. డిజైన్ విభాగానికి ఒక పెద్దని పెట్టాలి. పరుపుల కేటలాగు ఎలా వస్తుందో చూసి తేలుస్తాను" అని ఆవిడ వెళ్లిపోయింది.

పేజీలాయన లెక్క వేసుకున్నాడు. ఆ పెద్ద కుర్చీ తనకు రాకపోతే నిన్నగాక మొన్న చేరినవాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. అంతకన్నా ముందు, తను ఊపిన తలకాయకు అర్థమేమిటో తెలుసుకోవాలి. వెతగ్గా వెతగ్గా దొరికింది: పేజీ డిజైనర్లకు ఉచిత ఆన్‌లైన్ పాఠాలు, మొదటి పాఠం మాస్టర్ పేజీ. పొద్దున్నే ప్రెస్సుకు ఫోన్ చేసి జ్వరమన్నాడు. ఇంట్లోనే ఉండి కేటలాగు పూర్తిచేస్తానన్నాడు.

కంప్యూటర్ ముందు గదిలో ఉంది. ముందు గదిలోనే సోఫా ఉంది. సోఫాలో మామగారు ఉన్నారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక ఆయన మకాం అక్కడే. పగటిపూట నిద్రపోయే దురలవాటు తనకు లేదని ఆయన నమ్మకం. కళ్లు మూసుకుని ఆలోచిస్తారు, అంతే. ఆ ఆలోచన మాత్రం గురగురమని మొదలై, కిటికీ అద్దాలు వణికించి, ఈలలాగా ముగుస్తుంది.

"నాన్నా, ఆయనకి క్లాసుంది. లోపలికెళ్లి పడుకో" అంది పేజీలాయన భార్య, కుట్టుమిషన్ మీంచి లేచొచ్చి.

"పడుకోవడమేమిటే? ఏదో ఆలోచించుకుంటున్నాను."

"నీ ఆలోచన వీధి చివరిదాకా వినబడుతోంది."

"నువ్వు కానీ అల్లుడూ. నేనూ వింటాను. రెండు ముక్కలు నేర్చుకుంటే పోయేదేముంది" అన్నారు మామగారు, కాళ్లు బారజాపుకుంటూ.

పాఠం మొదలయ్యేసరికి ఆయన లోతైన ఆలోచనలో ఉన్నారు. నోరు తెరుచుకుంది, కళ్లజోడు గడ్డం మీదికి జారింది, ఒక చెయ్యి నేలకు వేలాడింది. ఇక ఈ వాదన ఇవాళ్టితో తెగాలని కూతురు ఫోన్‌తో ఒక ఫొటో లాగి మొగుడికి పంపించింది. "సాక్ష్యం. సాయంత్రం చూపిద్దాం" అని కింద రాసింది. ఆ ఫొటో వచ్చి కంప్యూటర్లో కూర్చుంది.

పేజీలాయన కెమెరా ఆపేసుకున్నాడు, పేరు దగ్గర "కొత్త విద్యార్థి" అని పెట్టుకున్నాడు. మైకు సంగతి మరిచిపోయాడు.

"ఎవరి మైకో తెరిచుందండీ. దగ్గర్లో ఏదో మిషన్ నడుస్తున్నట్టుంది" అంది పాఠం చెప్పే టీచరమ్మ.

"రంపం మిల్లండీ" అన్నాడు ఎవరో విద్యార్థి.

"కాదు, నీళ్ల మోటారు. గాలి లాగుతోంది. అలాగే వదిలేస్తే కాలిపోద్ది" అన్నాడింకొకడు.

పేజీలాయన మైకు నొక్కేసి చెమట తుడుచుకున్నాడు. టీచరమ్మ విడమరిచి చెప్పింది. మాస్టర్ పేజీ అంటే పుస్తకంలో పేజీలన్నిటికీ అడుగున పరిచిన కాగితం లాంటిది. దాని మీద ఒక్కసారి ఏది పెడితే అది ప్రతి పేజీలోనూ అదే చోట వచ్చి కూర్చుంటుంది. అంకెలైనా అంతే, గీతలైనా అంతే. అది వినగానే ఇన్నేళ్లుగా తను చేత్తో వేసిన అంకెలన్నీ బారులు తీరి నిలబడి తనకేసి జాలిగా చూస్తున్నట్టనిపించింది పేజీలాయనకు.

"ఇప్పుడు మీరూ చెయ్యండి. దగ్గరున్న ఫైలు తెరవండి, చేతికందిన ఫొటో ఒకటి మాస్టర్ పేజీలో ఓ మూల పెట్టండి. భయం లేదు, సేవ్ చెయ్యకుండా మూసేస్తే పాతది పాతలాగే ఉంటుంది" అంది టీచరమ్మ.

దగ్గరున్న ఫైలు పరుపుల కేటలాగు. చేతికందిన ఫొటో సాక్ష్యం. కింద కుడిమూల ఖాళీ చూసి పెట్టాడు. పేజీలు తిప్పాడు. దూది పరుపు పక్కన మామగారు. స్ప్రింగు పరుపు పక్కన మామగారు. దిండ్ల పేజీలో, సరిగ్గా "ఐదేళ్ల గ్యారంటీ" అన్న ముక్కల కింద, మామగారు. పేజీలాయనకు చిన్నపిల్లాడికి గాలిపటం ఎగిరినంత సంబరమైంది. పెళ్లాన్ని కేకేశాడు.

ఆవిడ నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. "స్ప్రింగు పరుపు దగ్గర మా నాన్న భలే ఒదిగిపోయాడండీ."

ఇక్కడ పేజీలాయన ఎడమచేతి గురించి ఒక మాట చెప్పాలి. పాత రోజుల్లో ప్రెస్సులో కరెంటు చెప్పాపెట్టకుండా పోయేది, పోయినప్పుడల్లా పని కూడా దాంతోపాటే పోయేది. ఆ దెబ్బలు తినీ తినీ, ఏ చిన్న పని చేసినా వెంటనే సేవ్ నొక్కడం ఆ చేతికి అలవాటైపోయింది. బండికి కట్టిన ఎద్దు తోలేవాడు కునికినా ఇంటిదారి పట్టినట్టు, యజమానితో నిమిత్తం లేకుండా అది తన పని చేసుకుపోతుంది. భోజనం దగ్గర ముద్ద మింగినప్పుడు కూడా రెండు వేళ్లు బల్లను నొక్కుతాయి. ఆ పూటా నొక్కాయి. ఆయన చూసుకోలేదు.

ఫైలు మూశాడు. మామూలుగా అయితే సాఫ్ట్‌వేర్ మార్పులు ఉంచమంటావా వద్దంటావా అని అడుగుతుంది. ఇవాళ ఏమీ అడక్కుండా మూసుకుంది. పోనీలే, దీనికీ మర్యాద తెలిసింది అనుకున్నాడు. ఇంట్లో ఫైలు మారితే ప్రెస్సు కంప్యూటర్లోనూ దానంతటదే మారిపోయే ఏర్పాటు ఒకటుందని ఆయనకు గుర్తుకు రావలసిన అవసరం అప్పటికి కనపడలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. మేడమ్.

"జ్వరం ఎలా ఉందండీ?"

పేజీలాయన గొంతు నూతిలోకి దించాడు. "కాస్త అలాగే ఉందండీ."

సోఫాలో మామగారు ఒక ఘట్టం ముగించి మరో ఘట్టం ఎత్తుకున్నారు.

"ఆ శబ్దమేమిటి?" అంది మేడమ్.

"ఊపిరండీ. తీసుకుంటుంటే అలా వస్తోంది."

"మాట్లాడుతూ కూడా తీసుకుంటున్నారే?"

"ముక్కు దాని పని అది చేసుకుంటోంది మేడమ్."

ఇవతల ఈల వినబడింది. మేడమ్ గొంతు మెత్తబడింది. "ఈ స్థితిలో మీరు పని పెట్టుకోవద్దు. కేటలాగు నిన్న నేను చూశాను, బాగానే ఉంది. ఫోల్డర్లోంచి నేనే తీసి మిషన్‌కి పంపించేస్తాను. పరుపుల షావుకారు గారు కూడా వచ్చి కూర్చున్నారు. మీరు పడుకోండి."

ఎంత మంచి మనిషి అనుకున్నాడు పేజీలాయన. నిశ్చింతగా పాఠం చివరిదాకా విన్నాడు. నేర్చుకున్నది చెయ్యి మరవకుండా ఇంకోసారి చేద్దామని కేటలాగు తెరిచాడు. మొదటి పేజీలోనే మామగారు నోరు తెరుచుకుని ఎదురొచ్చారు.

పేజీలు తిప్పాడు. ఉన్నారు. తిప్పాడు. ఉన్నారు. ఎడమచేతిని ఎత్తి, అది తనది కానట్టు చూశాడు. మేడమ్‌కు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మిషన్ గదిలో ఉందన్నమాట.

"వెళ్లి నిజం చెప్పేయండి" అంది భార్య.

"ఏ నిజం? జ్వరం లేదన్నదా, మాస్టర్ పేజీ రాదన్నదా, మీ నాన్నని అచ్చేశానన్నదా?"

"వరసగా."

చెప్పుల్లో కాళ్లు దూరుస్తుంటే మామగారు ఒక కన్ను తెరిచారు. "ఎక్కడికి అల్లుడూ అంత పరుగు?"

"మీ కోసమే మామయ్యా."

"నాకేం కావాలి, నేను బాగానే ఉన్నాను" అని ఆయన మళ్లీ ఆలోచనలో పడ్డారు.

పేజీలాయన ప్రెస్సు చేరేసరికి మిషన్ ఆగి ఉంది. అది చూసి మరీ భయం వేసింది. బల్ల మీద కేటలాగులు దొంతరగా ఉన్నాయి. మనుషులంతా తమ చేతిలో పని తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు తలొంచుకున్నారు. కిటికీ దగ్గర పరుపుల షావుకారు ఒక ప్రతి పట్టుకుని నిలబడ్డాడు. ఏ పని చేసిపెట్టినా మూతి విరవడమే తప్ప బాగుందన్న మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. పక్కన మేడమ్ ముఖం సున్నం కొట్టినట్టుంది.

"జ్వరంతో ఎందుకొచ్చారు?" అంది.

"తగ్గిందండీ, దార్లో."

షావుకారు తల తిప్పాడు. కింద మూల వేలు పెట్టాడు. "ఎవరీయన?"

"మా మామగారండీ."

"ఏం మందిచ్చి పడుకోబెట్టావు?"

"మందేం లేదండీ. ఊరికే కూర్చుంటే చాలు ఆయనకి."

"ఏ పరుపు మీద?"

"పరుపు కాదండీ, సోఫా. పాతది. స్ప్రింగు ఒకటి బయటికొచ్చింది కూడా."

షావుకారు మళ్లీ ఫొటో చూశాడు. చాలాసేపు చూశాడు. పేజీలాయన ఆ కాసేపట్లో కుర్చీ సంగతి పూర్తిగా వదులుకుని, ఉన్న ఉద్యోగం గురించి మాత్రమే ఆలోచించే దశకు వచ్చాడు.

"కంపెనీలవాళ్లు నాకు ఫొటోలు పంపిస్తుంటారు" అన్నాడు షావుకారు చివరికి. "జుట్టు చెదరకుండా, పెదాలకి రంగేసుకుని, నిద్దట్లో నవ్వుతుంటారు. నిద్దట్లో నవ్వేవాణ్ణి నా జన్మలో చూళ్లేదు. ఇదయ్యా నిద్రంటే. చూస్తుంటే నాకే..." అని మాట పూర్తికాకుండానే నోరంతా తెరిచి ఆవులించాడు. ఆయన్ని చూసి మేడమ్ ఆవులించింది. మిషన్ దగ్గర మనిషి ఆవులించాడు. ఆవులింత బల్లబల్లకీ పాకి, తలుపు దగ్గర కాపలా మనిషి దాకా పోయింది.

"చూశారా" అన్నాడు షావుకారు కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ. "పరుపుల కేటలాగుకి ఇంకేం కావాలి. అన్నీ ఇలాగే వేసెయ్యండి."

మేడమ్ ముఖంలోకి రంగొచ్చింది. "మా డిజైనర్ గారి ఆలోచనండీ. చూడండి, ప్రతి పేజీలోనూ అదే చోట, అదే కొలత. జ్వరంలో కూడా" అంది.

షావుకారు కేటలాగులు లెక్క చూసుకోవడానికి అటు వెళ్లగానే పేజీలాయన ఆవిడకు వరసగా చెప్పేశాడు. జ్వరం లేదన్నది, ఆ రోజు ఊరికే తలూపానన్నది, ఎడమచెయ్యి చేసిన పని. చెప్పడం అయ్యాక నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

మేడమ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆ మాస్టర్ పేజీ ఏమిటో నాకు మాత్రం ఎక్కడ తెలుసండీ? ఎవరో అంటుంటే విన్నాను. మొదటిరోజు ఏదో ఒకటి అడక్కపోతే బాగుండదని అడిగేశాను. అదేమిటని మీరు అడుగుతారేమో, ఏం చెప్పాలా అని వణికాను. మీరు తలూపారు, బతికిపోయాను."

ఇద్దరూ కాసేపు మాస్టర్ పేజీలో మామగారిని చూస్తూ నిలబడ్డారు.

"రెండో పాఠం ఎప్పుడు?" అంది మేడమ్.

"శనివారమండీ."

"నాకూ ఆ లింకు పంపండి. విభాగానికి పెద్ద ఎలాగూ మీరే. అయితే ఈ పాఠాల సంగతి మాత్రం మూడో కంటికి తెలియకూడదు."

పేజీలాయన తలూపాడు. ఈసారి అర్థం తెలిసే ఊపాడు.

అంతలో షావుకారు వెనక్కొచ్చాడు. కొట్టు మీద కొత్త బోర్డు పెడతాడట, అందులో నిలువెత్తున మామగారే ఉండాలట. ఫోన్ ఫొటో అంత పెద్దది చేస్తే మసకబారుతుంది కాబట్టి ఆదివారం స్టూడియోలో మళ్లీ తీయిస్తాడట.

సాయంత్రం ఇంట్లో మామగారు కళ్లజోడు సర్దుకుని కేటలాగు మొదటినుంచి చివరిదాకా తిరగేశారు. "నిద్రపోతున్నానని వేశారేమిటి? నేనప్పుడు ఆలోచిస్తున్నాను" అన్నారు.

"అన్ని పేజీల్లోనూనా నాన్నా?" అంది కూతురు.

"కావాలంటే నిద్రపోతున్నట్టు తియ్యమనండి. నిద్రదేముంది, అదెంతసేపు" అన్నారాయన.

ఆదివారం స్టూడియోలో షావుకారు కొట్లోకల్లా మెత్తని పరుపు వేయించాడు. దూదిలాంటి దిండు పెట్టించాడు. లైట్లు పెంచి చూశారు, తగ్గించి చూశారు. మేడమ్, పేజీలాయన చెప్పులు విప్పి మునివేళ్ల మీద తిరిగారు. షావుకారు తనే జోకొట్టబోయి మొహమాటపడి ఆగిపోయాడు. మామగారు మాత్రం వెల్లకిలా పడుకుని, కళ్లు పత్తికాయల్లా తెరిచి, పొద్దుగుంకేదాకా పైకప్పుకేసి చూస్తూనే ఉన్నారు.

ఆ ఒక్క పగలు మాత్రం ఆయన నిజంగానే ఆలోచించారు.