మూటల వెనకాల విశాఖపట్నం

పొద్దున్నే అరకులో బస్సెక్కేసరికి సుక్రు దగ్గర ప్లాను సిద్ధంగా ఉంది. వన్ టౌన్, పూర్ణా మార్కెట్, జగదాంబ, ఆఖర్న బీచ్. భార్య రత్నాలుకు ఓడ చూపిస్తానని కాఫీ కోతలప్పుడే మాటిచ్చాడు. ఈసారీ చూపించలేకపోతే అక్కను తానే తీసుకెళ్తానని బావమరిది సోములు ఊరందరి ముందూ అనేశాడు. వైజాగ్ తనకు కొట్టిన పిండి అని చెప్పుకు తిరిగే సుక్రుకు ఇంతకన్నా తలవంపు లేదు. నిజానికి అతను చూసిన వైజాగ్ ఓ ఆస్పత్రి వార్డు, దాని వరండా.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగగానే ఇవాళ ఏ పేట వంతని ఒకాయన్ని అడిగాడు. పాడేరు సంత ఒక రోజు, పెదబయలు సంత ఇంకో రోజు అయినట్టే పట్నంలోనూ పేటకో రోజు ఉంటుందని అతని నమ్మకం. అన్ని పేటలూ రోజూ ఉంటాయన్నాడాయన. కొండవాళ్లమని ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు సుక్రు. సంత ఎక్కడో తెలియకపోతే కొండల్లో ఒకటే పద్ధతి. మూటలవాళ్ల వెనకాల నడవడం.

పెద్ద మూటలతో ఓ కుటుంబం కనబడింది. పెద్దాయన పేరు వరహాలరావు. వాళ్లు రైల్వే స్టేషనుకు వెళ్లి, దిగిన చుట్టాల్నీ ఇంకొన్ని మూటల్నీ కలుపుకున్నారు. సంత పెద్దదేనని సుక్రు సంబరపడ్డాడు. వాళ్లు టీ తాగితే తానూ తాగాడు. వాళ్లు భీమిలి బస్సెక్కితే రత్నాలును కిటికీ పక్కన కూర్చోబెట్టి తానూ ఎక్కాడు.

"ఎక్కడికి?" అన్నాడు కండక్టర్.

"ఆ మూటలెక్కడ దిగితే మేవూ అక్కడే," అన్నాడు సుక్రు.

వరహాలరావు లేచాడు. "పొద్దున్నుంచీ మా ఎనకాలే తిరుగుతున్నాడండీ. ఈడి సంచీ సూడండి."

బస్సంతా సుక్రు మీదికి తిరిగింది. అతన్ని డ్రైవర్ వెనక నిలబెట్టి సంచీ విప్పించారు. రాగి రొట్టెలు, అనాసపండు బయటపడ్డాయి. అప్పటికి బస్సు బీచ్ రోడ్డెక్కింది. సుక్రుకూ కిటికీలకూ మధ్య అడ్డంగా మనుషులు.

"ఏమ్మా, ఇతను నీ మొగుడేనా?" అని కండక్టర్ రత్నాలును అడిగాడు.

ఆమె తల తిప్పలేదు. "కాసేపు ఉండు బాబూ. ఓడెల్తంది."

భీమిలిలో మూటలన్నీ లెక్క చూసుకున్నాక వరహాలరావు సిగ్గుపడ్డాడు. భోజనం పెట్టి, చుట్టాల వ్యానులో ఎక్కించి, తగరపువలస మీదుగా ఎస్.కోటలో అరకు బస్సు అందేలా పంపించాడు. మళ్లీ సముద్రం వైపు వెళ్లే పనే లేకపోయింది.

మర్నాడు సోములు వచ్చాడు. "ఏటి బావా, ఓడ సూపించినావా?"

"మీ అక్కనడుగు."

రత్నాలు అరుగు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఓడ ఎంత పొడుగో, దాని మీద ఎన్ని ఇళ్లు కట్టొచ్చో, నీళ్లు ఎక్కడ ఆగిపోయి ఆకాశం మొదలవుతుందో. ఊరు ఊరంతా చేరింది.

అందరికన్నా ముందు వరసలో, నోరు తెరుచుకుని సుక్రు వింటున్నాడు.