లెక్కల మాస్టారి వైఫై తాళం

పదిన్నరకి అత్తగారు దిగుతారు. ఆలోగా తలుపుకి కొత్త వైఫై తాళం, మంచం పైన కెమెరా పనిచేయాలి. లెక్కల మాస్టారి ఆదివారం పని అంతే. తల్లిని తీసుకురావడానికి స్టేషనుకి బయలుదేరుతూ భార్య, నిద్రపోతున్న పది నెలల బుజ్జిగాడిని మొట్టమొదటిసారి ఆయనకి ఒంటరిగా అప్పగించింది.

"వాడి మీదే ఉంచండి కళ్ళు. ఏదైనా తేడా వచ్చిందో, మా అమ్మ జన్మలో మిమ్మల్ని నమ్మదు."

"కెమెరాతో కలిపి మూడు కళ్ళు పెడతాను, సరేనా?"

పైకి అలా అన్నారు గానీ, అత్తగారంటే మాస్టారికి హడలు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడ ఆయన్ని ఒక్క మాటా అనలేదు. ఆ బాకీ ఏ రోజు తీరుస్తుందోనని ఆయన భయం.

రూటర్లో వైఫైకి రెండు బ్యాండ్లున్నాయి, ఐదు గిగాహెర్ట్జ్ ఒకటి, రెండు పాయింటు నాలుగు ఒకటి. ఏది పెద్దదో లెక్కలు చెప్పేవాడికి ఒకరు చెప్పాలా? ఫోను ఐదు మీద పెట్టారు. తాళం ఉలకదు, కెమెరా పలకదు. ముప్పావుగంట తంటాలు పడి హెల్ప్‌లైనుకి ఫోన్ చేశారు.

"అయ్యో సార్, వాటికి ఐదు కనబడనే కనబడదు. రెండు పాయింటు నాలుగే కావాలి," అంది అవతలి అమ్మాయి. "ఫోను మొండికేస్తే రూటర్‌కి దూరంగా జరగండి. ఐదు అంత దూరం రాదు, అదే మారుతుంది."

జరిగారు. హాలు, వంటగది, గుమ్మం. ఫోను ఐదునే పట్టుకుని వేలాడుతోంది. బనియనూ తువ్వాలుతోనే నాలుగు మెట్లు దిగారు. మారింది! కెమెరా కలిసింది, తాళం కలిసింది. అంతలో గాలికి తలుపు దభీమని మూసుకుంది, తాళం టక్కున పడింది. ఒక తాళంచెవి లోపలే ఉంది, రెండోది భార్య దగ్గర. "తాళం అప్‌డేట్ జరుగుతోంది. నలభై నిమిషాలు ఆగండి," అంది ఫోను.

ఫోన్లో కెమెరా తెరిచారు. బుజ్జిగాడు లేచి మంచం అంచుకి పాకుతున్నాడు. మాస్టారికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఆగరా నాన్నా! కదలకు!"

కెమెరాలోంచి ఆ గొంతు వినగానే వాడు నాన్నని వెతుక్కుంటూ ఇంకో జానెడు ముందుకొచ్చాడు. మాస్టారు నోరు గట్టిగా మూసుకున్నారు.

"ఏమైంది మాస్టారూ?" కింది వాటా ఆవిడ బయటికొచ్చింది.

"అరవకండి! పడిపోతాడు!"

ఆవిడ పైకి చూసింది. "బాబోయ్, డాబా మీంచి ఎవరో దూకుతున్నారు!" అంటూ వీధిలోకి పరుగెత్తింది.

అత్తగారు ఆటో దిగేసరికి నలుగురు మనుషులు దుప్పటి చాపి పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నారు. మెట్ల మీద అల్లుడు ఏడుస్తున్నాడు.

"బుజ్జిగాడు... లోపల... మంచం అంచున..."

ఆవిడ కూతురి చేతిలోంచి తాళంచెవి లాక్కుని రెండేసి మెట్లు ఎక్కింది. తలుపు తెరుచుకుంది, ఆవిడ వెనకాలే మళ్ళీ పడింది. అంచు దాటిన పిల్లాణ్ణి అమ్మమ్మ గాల్లోనే అందుకోవడం మొగుడూ పెళ్ళాలిద్దరూ ఫోన్లో చూశారు.

"అత్తయ్యగారూ, తలుపు తీయండి," అని మాస్టారు ఫోన్లో బతిమాలారు.

ఆవిడ తలెత్తి కెమెరాలోకి చూసింది. "తీయను. వీడి సంగతి నేను చూసుకుంటాను. సాయంత్రం దాకా మీరిద్దరూ ఈ ఛాయలకి రావద్దు."

భార్య కళ్ళు తుడుచుకుని మెట్టు మీద కూలబడింది. ఇక చీవాట్లు తినే వంతు వచ్చిందని మాస్టారు బిక్కచచ్చిపోయారు.

"పది నెలలైంది," అంది ఆమె, "మనిద్దరం ఇలా ఊరికే కూర్చుని."

తలుపు తట్టబోయిన చేతిని మాస్టారు వెనక్కి తీసుకున్నారు.