బోర్డెక్కని గోలు

ఆ రోజు పొద్దున్నే బోర్డమ్మాయి పెట్టుకున్న పని చిన్నదే. అతిథుల వైపు పలకలన్నీ దింపి, సబ్బునీళ్ళతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, సాయంత్రం ఆట మొదలయ్యేలోగా వరసగా సర్దుకోవాలి. మనవాళ్ళ వైపు పలకలకు అంత శ్రమ అక్కర్లేదు. సున్నా, ఒకటి. అంతే.

జాతీయ ఫుట్‌బాల్ మైదానంలో గోలుపోస్టు వెనక నిలబడి ఉండే చెక్క స్కోరుబోర్డు ఆమె చేతిలో ఉంటుంది. మామగారు పోయాక ఆ పని ఆమెకు వచ్చింది. పనితో పాటు బోర్డు కింది గది కూడా వచ్చింది. వంటగదిలోంచి నిచ్చెనెక్కితే బోర్డు. నిచ్చెన మెట్ల మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటారు, ఆట ఉన్న రోజున తీసేస్తారు. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు. మైదానంలో అందరికీ ఆమె బోర్డమ్మాయే. అసలు పేరు జీతం ఇచ్చే గుమస్తా కూడా మరిచిపోయాడు.

దేశం చిన్నది. దాని జట్టు ఆశలు అంతకన్నా చిన్నవి. మనవాళ్ళకు ఆట రాదని కాదు. వెనకబడి ఉన్నంతసేపూ చక్కగానే ఆడతారు. ఒక్క గోలు ఆధిక్యం వచ్చిందా, అరువు తెచ్చుకున్న నగ పెట్టుకుని పెళ్ళికి వెళ్ళిన మనిషిలా అయిపోతారు. ఉందా, పోయిందా అని తడుముకోవడమే తప్ప ఇంకో ధ్యాస ఉండదు. పదకొండు మందీ వెళ్ళి సొంత గోలు ముందు గోడలా నిలబడతారు. ఆ గోడ ఇంతవరకూ ఏ జట్టునీ ఆపలేదు. అందుకే బోర్డు మీద మనవాళ్ళ వైపు రెండు అనే అంకె ఎవరూ చూడలేదు. అతిథుల సంగతి వేరు. ఒక ఏడాది వాళ్ళు తొమ్మిది దాటిపోతే, పది చూపించడానికి చోటు చాలక, వాళ్ళ వైపు గాడి కోసి వెడల్పు చేశారు, పలకలూ పెద్దవి చేయించారు. అప్పటినుంచి వాళ్ళ పలకలు మన గాడిలో పట్టవు.

మన వైపు వాడకం లేని పలకల్ని అత్తగారు ఊరికే ఉంచలేదు. మూడు కిటికీకి అడ్డంగా ఉంది. నాలుగు మంచం కోడు కింద ఉంది. ఐదు మీద కూరలు తరుగుతారు. రెండు నీళ్ళ డ్రమ్ముకు మూత.

"అత్తయ్యా, ఈ రోజు రెండు పైన పెట్టుకుంటాను" అంది బోర్డమ్మాయి పలకలు తుడుస్తూ.

"ఎందుకు?"

"ఏమో, అవసరం పడితే."

"మీ మామయ్య ఇన్నేళ్ళు చేశారు, ఆయనకే పడలేదు. నీళ్ళలో దుమ్ము పడుతుంది, ఉండనీ. డ్రమ్ము ఎక్కడికి పోతుంది, మూత ఎక్కడికి పోతుంది?"

బోర్డమ్మాయి మూతను అలాగే వదిలేసి ఇంకో పలక అందుకుంది. కానీ మనసులో గుబులుగా ఉంది. క్రితం రోజు సాయంత్రం ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీ స్వయంగా గది దాకా వచ్చాడు. "రేపు కరెంటు స్కోరుబోర్డుల కంపెనీ ఆయన వస్తున్నాడమ్మా. పాత బోర్డుతోనే నడుస్తోంది కదా అని నేనే ఇన్నాళ్ళూ ఆపాను. రేపు చిన్న పొరపాటు జరిగినా ఇక ఆపలేను. బోర్డు పీకేస్తే కింద గది కూడా ఉండదు, తెలుసు కదా" అని చెప్పి వెళ్ళాడు. తెలుసు. ఆ రాత్రి ఆమె గది నాలుగు మూలలూ చూసింది. మంచం, పొయ్యి, డ్రమ్ము, నిచ్చెన. ఇవి తీసుకుని ఎక్కడికి వెళ్ళాలో ఆమెకు తోచలేదు. నిచ్చెనకైతే అసలు ఏ ఇంట్లోనూ పని ఉండదు.

ఆట మొదలైంది. ఆ ఆట గెలిస్తే మనవాళ్ళు మొట్టమొదటిసారి తర్వాతి రౌండుకు వెళ్తారు. సమానంగా ముగిస్తే అతిథులు వెళ్తారు. అతిథులు ముందుగా ఒక గోలు వేశారు. కాసేపటికి మనవాళ్ళూ ఒకటి వేశారు. బోర్డమ్మాయి ఒకటి పలకను గాడిలోకి జార్చి, చెయ్యి తీయబుద్ధి కాక కాసేపు దాని మీదే ఉంచింది.

మొదటి సగం ముగియబోతుండగా అతిథుల గోలు ముందు పెద్ద తోపులాట అయింది. దుమ్ము లేచింది. బంతి తన మొహం మీదికి వస్తోందని మన జట్టులోని పొడుగాయన భయంతో వెనక్కి తిరిగాడు. అది ఆయన వీపుకు తగిలి గోలు గీత దాటింది. అతిథుల గోల్‌కీపర్ దాన్ని ఒక్క గుంజు గుంజి, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు గుండెకు హత్తుకున్నాడు. రిఫరీ ఈల వేసి మైదానం మధ్యకు చెయ్యి చూపించాడు. అదే ఊపులో గడియారం చూసుకుని మళ్ళీ ఈల వేశాడు. విరామం. మొదటి ఈల గోలుకో, తప్పుకో, విరామానికో కింద ఎవరికీ తెలియలేదు. మైదానం మధ్యకు చూపిస్తే గోలు ఇచ్చినట్టే. ఆ చెయ్యిని అంత ఎత్తునుంచి, దుమ్ముకు పైనుంచి చూసినది బోర్డమ్మాయి ఒక్కతే.

"అత్తయ్యా, రెండు అందివ్వండి" అంది నిచ్చెన మీదనుంచి వంగి.

"ఏం రెండు?"

"మనకి రెండో గోలు పడింది."

"నీకు ఎండ తగిలింది. కిందికి దిగు, మజ్జిగ ఇస్తాను."

"నిజంగా అత్తయ్యా. పలక ఇవ్వండి."

పలక పైకి రాలేదు. ఆమె దిగి చూసింది. డ్రమ్ము మీద స్టీలు పళ్ళెం ఉంది.

"మధ్యాహ్నం టీ కొట్టాయన వచ్చాడే. పెద్దవాళ్ళకి టీలు పట్టుకెళ్ళడానికి పళ్ళెం లేదన్నాడు. గట్టిది కదా అని మూత ఇచ్చాను" అని అత్తగారు నెమ్మదిగా చెప్పారు. కాస్త ఆగి, "ఒకటి పలకే వెనక్కి తిప్పి బొగ్గుతో రాయకూడదూ?" అన్నారు.

"వెనకంతా తారు పూసుంది కదా అత్తయ్యా. నలుపు మీద నలుపు ఎవరికి కనబడుతుంది?"

ఆలోగా మైదానంలో అందరి మొహాలూ బోర్డు వైపు తిరిగాయి. బోర్డు మీద ఒకటి, ఒకటి. మైకు దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఆట చూసే అలవాటు ఎప్పుడో మానేశాడు. బోర్డు చూసి చెప్పడమే ఆయన పని. "గోలు ఇవ్వలేదు. స్కోరు ఒకటి, ఒకటి" అన్నాడు. రేడియో వాళ్ళు మైకు విని అదే చెప్పారు. రేడియో విని ఊళ్ళో కొందరు నిట్టూర్చి దుకాణాలు తెరుచుకున్నారు. రిఫరీని అడగాలని కెప్టెన్‌కు నాలిక దురద పెట్టింది. కానీ అప్పటికే ఒకసారి వాదించి పసుపు కార్డు తిని ఉన్నాడు. "ఇంకోటి తింటే బయటికే. నోరు మూసుకుని నీళ్ళు తాగు" అన్నాడు కోచ్. అతిథులు మాత్రం తమ గోల్‌కీపర్‌ని భుజాలకెత్తుకుని తమ విశ్రాంతి గదిలోకి తీసుకుపోయారు.

బోర్డమ్మాయి టీ కొట్టుకు పరుగెత్తింది.

"అన్నా, మా మూత ఏది?"

"ఏం చెల్లెమ్మా, నీళ్ళలో ఈగలు పడ్డాయా? పైన పెద్దల గ్యాలరీలో ఉంది. నిన్ను ఉత్తి చేతులతో పోనివ్వరు. ఈ కెటిల్ పట్టుకో, ఎవరూ అడగరు."

నిజంగానే ఎవరూ అడగలేదు. గ్యాలరీలో సెక్రటరీకీ, కంపెనీ ఆయనకీ మధ్య చిన్న బల్ల మీద పలక ఉంది. టీ గ్లాసుల సందుల్లోంచి రెండంకె మెడ కనబడుతోంది. సెక్రటరీ ఆమెను చూసి కనుబొమలు ముడిచాడు.

"బోర్డు వదిలేసి ఇక్కడేం పనమ్మా?"

"అదేనండి. ఇందాకటిది గోలేనండి."

"ఎవరు చెప్పారు?"

"నేను చూశానండి. రిఫరీ చెయ్యి..."

"నువ్వు చూస్తే ఏం లాభం? బోర్డు చూడు. ఒకటే ఉంది."

"బోర్డు పెట్టేది నేనేనండి."

"మరి అదే చెబుతున్నా. ఒకటని పెట్టింది నువ్వే కదా. నువ్వు పెట్టినదాని మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా?"

దానికి జవాబు బల్ల మీదే ఉంది. ఆ పలక మీ గ్లాసుల కింద ఉందని చెబితే పొరపాటు బయటపడడమే కాదు, గది కూడా పోతుంది. గ్లాసులు ఖాళీ అయితే పళ్ళెం ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుపోదామని పక్కన నిలబడింది. కంపెనీ ఆయన టీ ఊదుకుని ఊదుకుని తాగే మనిషి. ఎట్టకేలకు తాగేసి, ఆమె చేతిలో కెటిల్ చూసి, గ్లాసు ముందుకు చాపాడు.

"ఇంకాస్త పొయ్యమ్మా. బాగుంది."

పోసింది. ఆయన మళ్ళీ ఊదడం మొదలుపెట్టాడు. కింద రెండో సగం ఆట మొదలైపోయింది. ఆమె గ్యాలరీ గడపలో నిలబడి, ఒక కన్ను గ్లాసు మీద, ఒక కన్ను మైదానం మీద వేసి ఉంచింది. కెటిల్‌ని నెమ్మదిగా కొంగు వెనక్కి దాచేసింది.

ఆయన రెండో గ్లాసు కూడా ఖాళీ చేశాక పలక ఎత్తుకుని ఆమె గదికి చేరేసరికి ఆట చివరికి వచ్చేసింది. నిచ్చెనెక్కి, మెడ మీది చెమట తుడుచుకుని, ఒకటి పలక తీయబోతూ మైదానంలోకి చూసింది. చెయ్యి ఆగింది.

అది ఆమెకు తెలిసిన జట్టు కాదు. గెలవాలంటే ఇంకో గోలు కావాలనుకుంటున్న మనవాళ్ళు మీద పడి ఆడుతున్నారు. ఒక్కడు కూడా సొంత గోలు దగ్గర లేడు. మన గోల్‌కీపరైతే సగం మైదానం దాటి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. ఇలాగే చాలు, మేమే వెళ్తాం అనుకుంటున్న అతిథులు, గాలి తగిలినా కాలు పట్టుకుని పడిపోతున్నారు. బంతి బయటికి పోతే దాన్ని తేవడానికి గుడికి వెళ్ళినంత నిదానంగా నడుస్తున్నారు. ఓడిపోతున్న జట్టు అంత తీరిగ్గా ఉండడం ఆమె ఎన్నడూ చూడలేదు. రిఫరీ ఒకసారి బోర్డు వైపు చూశాడు. పరాయి దేశం ఇంటి విషయాల్లో కల్పించుకోవడం మర్యాద కాదనుకున్నాడేమో, మొహం తిప్పుకున్నాడు.

పలక ఆమె ఒళ్ళో ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించడం ఆమె పని. మామగారు నేర్పింది కూడా అదొక్కటే. కానీ ఉన్నదాన్ని చూసిన మరుక్షణం ఆ పదకొండు మంది ఏమవుతారో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె వాళ్ళని ఎప్పుడూ ఇక్కడి నుంచే చూసింది. బోర్డు చూసి తిరిగేటప్పుడు వాళ్ళ భుజాలు ఎలా ముడుచుకుంటాయో చూసింది.

"ఏమే, పెట్టావా?" కిందనుంచి అత్తగారి గొంతు.

"ఆయాసంగా ఉంది అత్తయ్యా. తీరనివ్వండి."

ఆయాసం తీరింది. చెమట ఆరనీ అనుకుంది. చెమట ఆరింది. పలకకు టీ అంటింది, తుడిచి పెడితే బాగుంటుందనుకుంది. తుడిచింది. బాగా తుడిచింది. అంచులు కూడా తుడిచింది.

చివరి ఈల మోగింది. మనవాళ్ళు ఉన్నచోటే కూలబడ్డారు. కెప్టెన్ చొక్కా మొహం మీదికి లాక్కున్నాడు. అతిథులు గంతులు వేస్తుంటే రిఫరీ కెప్టెన్ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. కెప్టెన్ ముక్కు తుడుచుకుని చెయ్యి ఇచ్చాడు. రిఫరీ రెండు వేళ్ళు చూపించి అతని జట్టు వైపు తిప్పాడు, ఒక వేలు చూపించి అవతలి వాళ్ళ వైపు తిప్పాడు. కెప్టెన్ ఆ వేళ్ళకేసి చాలాసేపు చూశాడు. అప్పుడు బోర్డమ్మాయి పలక జార్చింది. మైకాయన బోర్డు చూసి, గొంతు సవరించుకుని, "ఇప్పుడే అందిన సమాచారం ప్రకారం" అని మొదలుపెట్టాడు.

చీకటి పడకముందే బోర్డు కింది గది నిండిపోయింది. సెక్రటరీ, కంపెనీ ఆయన, వాళ్ళ వెనకే కోచ్. కుర్చీ ఒక్కటే ఉంది కాబట్టి ఎవరూ కూర్చోలేదు.

"సగం ఆట తప్పు స్కోరు చూపించావు. ఎందుకు?" అన్నాడు సెక్రటరీ.

ఆమె ఇక దాచదలుచుకోలేదు. "పలక మీ టీ గ్లాసుల కింద ఉందండి" అంది.

జాతీయ జట్టు గోలు మీద తాను టీ పెట్టుకుని తాగిన సంగతి విచారణ నివేదికలో ఎలా ఉంటుందో సెక్రటరీ మనసులో చదువుకుంటున్నట్టున్నాడు.

కంపెనీ ఆయనకు సమయం కలిసొచ్చింది. "మా బోర్డయితే ఈ బాధే ఉండదు సార్. గోలు పడీ పడగానే చూపిస్తుంది. క్షణం ఆలస్యం ఉండదు."

"పడగానేనా?" అన్నాడు కోచ్.

"పడగానే సార్."

"అయితే వద్దు."

"కావాలంటే ఆలస్యంగా చూపించేలా కూడా పెట్టొచ్చు సార్. ఒక మీట ఉంటుంది. ఎంతసేపు ఆపాలో తెలిసిన మనిషి ఒకరు దాని దగ్గర ఉండాలి, అంతే."

"ఆ మనిషి మాకుంది" అని కోచ్ బోర్డమ్మాయి వైపు తిరిగాడు. "పలక ఎప్పుడు దొరికిందమ్మా?"

"ఆట అవకముందేనండి. దొరికాక కాస్త ఆయాసం తీర్చుకున్నాను."

కోచ్ నిచ్చెనను కిందనుంచి పై దాకా చూశాడు. "అవును, ఎత్తు ఎక్కువే" అన్నాడు. సెక్రటరీ కూడా చూసి, ఎక్కువేనని ఒప్పుకున్నాడు. గది సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి రౌండులో మనవాళ్ళు ఐదు, సున్నాతో ఓడిపోయారు. అవతలివాళ్ళ పలకలు తుడిచి, చేతికందేలా సర్ది ఉన్నాయి కాబట్టి, ఆ ఐదూ క్షణం ఆలస్యం లేకుండా బోర్డెక్కాయి.