చిక్కుడు గింజకు పిల్లల చేయి తగలరాదు

బడిలో ప్రాజెక్టులు ఉండాలి. వారానికొకటి కాదు, పూటకొకటి ఉండాలి! పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వారిని గురజాల సెంటర్లో ఏనుగు మీద ఊరేగించినా తప్పులేదు.

ఎందుకంటారా? మా చిన్నప్పుడు పల్లెటూరి బడిలో చేతులున్నది బెత్తం దెబ్బలు తినడానికే. ఈ వయసులో నాకు మళ్లీ చదువు దొరికింది. మా ఆవిడ పోయాక ఇంట్లో నన్ను అన్నానికి తప్ప దేనికీ పిలవలేదు. ఇప్పుడు "నాన్నా, ఫెవికాల్ ఏదీ?" అని గంటకోసారి పిలుస్తున్నారు. ఇది వరం కాదా?

మొన్న మా మనవరాలు హరితకు మూడో తరగతి మేడమ్ ఒక చిక్కుడు గింజ ఇచ్చింది. కాగితం గ్లాసులో మట్టి పోసి, గింజ నాటి, రోజూ చూడాలట. మొక్క వచ్చాక బడికి తెచ్చి, తాను చూసింది చెప్పాలట. అంతే ప్రాజెక్టు.

హరిత ఆ గ్లాసును పక్కన పెట్టుకునే పడుకుంది. "తాతయ్యా, మొలక ముందు పైకొచ్చిద్దా, కిందికి పోయిద్దా? నేనే చూడాల!" అంది. తెల్లారగానే వేలితో మట్టి తవ్వబోయింది.

చూశారా ప్రమాదం! తరతరాలుగా మిరప పండించే ఇంట్లో, చంటిపిల్లకు సేద్యం అప్పగిస్తే పరువేం కావాలి?

హరిత నాన్న, మావాడు త్రికోటేశ్వరరావు గ్లాసు లాక్కున్నాడు. "తవ్వబాకే! వేర్లు తెగితే ఫస్ట్ ప్రైజ్ ఎవుడిస్తాడే?" అని కసిరి, దాన్ని డాబా మీది నీళ్ల ట్యాంకు పైన పెట్టాడు. పిల్లకు అందకూడదు కదా.

ఆ సాయంత్రమే ఎదురింటి షఫీక్ తన పురుగుమందుల కొట్టు కట్టేసి వచ్చాడు. వాళ్ల ఆదిల్‌దీ అదే క్లాసు. "మావోడి గింజకు బలం మందేశా మామా. మీరేం ఏశారేంది?" అని ఊరికే అడిగినట్టు అడిగాడు.

ఇంకేముంది! మావాడు గ్లాసుకు డీఏపీ ఎరువు వేశాడు. సెలైన్ గొట్టంతో డ్రిప్ పెట్టాడు. మిరప చేలో మట్టి మీద కప్పే మల్చింగ్ షీటు గుండ్రంగా కత్తిరించి పరిచాడు. ఇంకా పుట్టని మొక్కకు చీడ పట్టకుండా రెండుసార్లు మందు కొట్టాడు. నా వంతుగా నేను దిష్టిబొమ్మ కట్టాను. గ్లాసు కంటే అదే ఎత్తు వచ్చింది.

ఇన్ని చేస్తే గింజ కుళ్లిపోయింది. కృతజ్ఞత లేని గింజ!

మావాడు తగ్గుతాడా? బస్సెక్కి సత్తెనపల్లి వెళ్లి, నర్సరీలో పూత మీదున్న చిక్కుడు మొక్కను కొన్నాడు. గ్లాసులో పట్టక బకెట్టులో పెట్టి ఆటోలో బడికి తీసుకెళ్లాం. ఆదిల్ మొక్క పందిరితో సహా ట్రాలీలో దిగింది. తరగతి గది మార్కెట్ యార్డును తలపించింది. ఒకాయన గంప తెచ్చి కాయలు కోయడం కూడా మొదలుపెట్టాడు. పిల్లలా? వరండాలో ఉన్నారు. లోపల చోటేదీ!

మేడమ్ హరితను పిలిచి, "చెప్పమ్మా, నీ గింజలోంచి ముందు ఏమొచ్చింది?" అని అడిగింది.

హరిత మావాడి వైపు చూసింది. నా వైపు చూసింది.

"తెలీదు మేడమ్. మా నాన్న ముట్టుకోనీలా. ఆటో ఎక్కించేటప్పుడే చూశా."

ఫస్ట్ ప్రైజ్ మాకే వచ్చింది. ఫొటోలో నేనూ మావాడూ బకెట్టూ స్పష్టంగా పడ్డాం. హరిత ఆకుల వెనక ఉంది.

ఇంత మంచి చదువుకు ఒక్కటే చిక్కొచ్చింది. నిన్న పెరట్లో హరిత ఒక కొబ్బరి చిప్ప ముందు గొంతుక్కూర్చుని ఉంది. వంటింట్లోంచి గింజలు ఎత్తుకొచ్చి, ఎవరికీ చెప్పకుండా నాటిందట. గోళ్ల నిండా మట్టి. తవ్వుతోంది, చూస్తోంది, మళ్లీ కప్పుతోంది. వంకరగా ఒక తెల్లటి వేరు కిందికి దిగుతోంది.

నేను కాస్త ఎరువు తెచ్చి వంగాను.

"ముట్టుకోబాక తాతయ్యా! లోపలికి పో! ఇదేం ప్రాజెక్టు కాదు."

బడివాళ్లు వెంటనే చర్య తీసుకోవాలని మనవి. మా ఇంట్లో ఒక పిల్ల దొంగతనంగా నేర్చుకుంటోంది!